తొమ్మిది సముద్రాల వ్యాసం

నంద్యాలలో నేను పనిచేసే కాలేజీలో ఇప్పుడు పిల్లల రాతల్ని నాకంటే ముందు కంప్యూటరు దిద్దుతోంది. ప్రాజెక్టును అందులో వేస్తే చాలు, ఎక్కడో ఎవరో ముందే రాసిన వాక్యాలతో కలిసిన చోటల్లా ఎర్రరంగు పూసి ఇస్తుంది. మొన్న గోస్పాడు దిక్కు నుంచి వచ్చే ఒక పిల్ల ప్రాజెక్టు పారాణి పెట్టినట్టు ఎర్రగా వచ్చింది. ఆ పిల్ల ఏడుస్తూ, "నేనే రాసినా మేడమ్, మా అమ్మ మీద ఒట్టు" అంటోంది. మా కుర్ర లెక్చరర్లు "మిషన్ అబద్ధం చెప్తుందా మేడమ్?" అంటున్నారు.

మిషన్ అబద్ధం చెప్పదు. ఈ రెండు రాతలూ ఒకటేనని మాత్రం చెప్తుంది. ఎవరిది ఎవరు తీసుకున్నారో దానికేం తెలుసు? నేను రెండు కాగితాలూ ఇంటికి తెచ్చుకుని, కళ్ళద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి, మర్నాడు ఆ పిల్లను ఒకే ఒక్క మాట అడిగాను. టక్కున చెప్పింది. రాత ఆమెదే. ఆమె దగ్గర తీసుకున్నవాళ్ళెవరో దాన్ని తమ పేరుతో ఇంటర్నెట్టులో పెట్టుకున్నారు. ఆ పిల్ల కళ్ళు తుడుచుకుని వెళ్ళాక, "మీకెట్లా తెలిసింది మేడమ్?" అని అందరూ నా చుట్టూ చేరారు. చిన్నప్పుడు ఆళ్ళగడ్డలో నేర్చుకున్నానని చెప్పాను. దొంగ వైపు నిలబడి నేర్చుకున్నానని చెప్పడానికి నోరు రాలేదు. ఇక్కడ చెబుతాను.

అప్పట్లో మా ఇంట్లో వంటంతా ఇత్తడి గిన్నెల్లోనే. స్టీలు గిన్నె అంటే పెళ్ళి చదివింపుల్లో వచ్చి, అటకెక్కి, మళ్ళీ ఎవరి పెళ్ళికో చదివింపుగా వెళ్ళిపోయే వస్తువు. ఉత్త ఇత్తడిలో పులుసు కాస్తే చిలుం పడుతుంది. అది తింటే కడుపు చెడుతుంది. అందుకని గిన్నె లోపల తగరం పూత పూయించేవాళ్ళు. అదే కళాయి. ఉగాది నెల ఉందనగానే మా జేజి, అంటే నాయనమ్మ, గిన్నెలన్నీ నడింట్లో పరిపించి, ఒక్కోదాని కడుపులోకి తొంగి చూసి, "దీని పని అయిపాయ, దీని పనీ అయిపాయ" అని పక్కకు పెట్టేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో బంధువులు పోయినంత విచారం ఉండేది.

కళాయి పూసే మనిషి మా వీధి చివర ఉండేవాడు. ఊరంతా కళాయి సాయిబు అనేది, నేను మామా అని పిలిచేదాన్ని. ఆయన కూతురు నా తరగతి, నా పక్కన కూర్చునేది. ఆ పిల్ల వాళ్ళ నాయనను అబ్బా అని పిలిచేది. మా ఇండ్లలో అబ్బ అంటే తాత. అంత నల్లటి మీసాలున్న మనిషిని పట్టుకుని తాతా అంటుందేమిటా అని రెండో తరగతి దాకా నేను ఆయన మీద జాలి పడుతూనే ఉన్నాను.

మా ఇద్దరికీ ఉమ్మడిగా ఒక పాపం ఉండేది. గిన్నెలు తోమడానికని ఇంటింటి నుంచీ వాళ్ళింటికి చింతపండు వచ్చేది. అది పాత చింతపండు, నల్లగా, జిగురుగా ఉండేది. దానిలో ఉప్పూ ఎర్రకారం కలిపి, ఉండ చేసి, పుల్లకు గుచ్చి, వాళ్ళ గోడ వెనక కూర్చుని చీకేవాళ్ళం. నాలుక పగిలేది. సాయంత్రం మామ చింతపండు వెతుక్కుంటూ, "ఈ ఊరి ఎలకలకు పులుపు మీద మోజు జాస్తి" అనేవాడు. మాకు తెలియకుండా నవ్వుకునేవాడేమో, ఇప్పుడు అనిపిస్తుంది.

ఏడో తరగతిలో మా తెలుగు సారు పక్క పల్లె నుంచి సైకిలు మీద వచ్చేవారు. పద్యం చెబుతూ చెబుతూ ఆగి, చిటికెడు ముక్కుపొడి ఎక్కించి, తుమ్మి, మిగతా పాదం అందుకునేవారు. చాలా పద్యాలు నాకు ఇప్పటికీ మధ్యలో తుమ్ముతోనే గుర్తున్నాయి. ఒకరోజు ఆయన బల్ల మీద కూర్చుని, "మీ కండ్లతో మీరు చూసిన పని ఒకటి రాసుకోని రాండి. బాగుండేదాన్ని నంద్యాలకు తీస్కపోయి, అన్ని బడుల పిల్లోళ్ళ ముందర సదివిపిస్తా. గైడులోది దించితే మాత్రం తెలిసిపోతాది. ఆ గైడు నాకు నోటికొచ్చు" అన్నారు.

నేను ఒకటో తరగతి నుంచీ ఫస్టు. రెండో స్థానం అనే మాట ఇతరుల విషయంలో తప్ప విననిదాన్ని. నంద్యాలలో స్టేజీ ఎక్కి చదివేది నేనే అని ఆ సాయంత్రమే జేజికి చెప్పేశాను. ఆమె వీధంతా చెప్పేసింది. తీరా రాయడానికి కూర్చుంటే ఒక్క వాక్యం కదలదు. మా నాయన చేసే సేద్యం గురించి మొదలుపెట్టాను. ఏం రాసినా గైడులోంచి నడిచొచ్చినట్టే ఉంది. కొట్టేశాను. జేజి రొట్టెలు తట్టడం గురించి మొదలుపెట్టాను. రెండు వాక్యాల తర్వాత ఆకలేసి, జొన్నరొట్టెలో వేరుశెనగ బుడ్డల ఊరిబిండి నంచుకుని తిని పడుకున్నాను.

వ్యాసాలు ఇవ్వడానికి రెండు రోజులుందనగా నా పక్క పిల్ల మా ఇంటికొచ్చింది. సున్నిపెంటలో డ్యాము దగ్గర పనిచేసే వాళ్ళ మేనమామ ఇంట్లో పెళ్ళి, ఇంటిల్లిపాదీ పోతున్నారట. తన నోటు పుస్తకం నా చేతిలో పెట్టి, "సారుకు ఇయ్యే. మర్సిపోవాకు" అని పరుగెత్తిపోయింది.

మిద్దె మీద మిరపకాయలు ఎండబెట్టి ఉన్నాయి. కాకులు రాకుండా చూడమని జేజి నన్ను అక్కడ కూర్చోబెట్టింది. ఆ ఘాటులో తుమ్ముకుంటూ నోటు పుస్తకం తెరిచాను. 'గిన్నె కాలేటప్పుడు మా అబ్బ మాట్లాడడు' అని మొదలైంది. తర్వాత తిత్తి ఊదడం, బొగ్గులు ఎర్రబడడం, తగరం కరిగి నీళ్ళలా జారడం, దూదితో ఒక్క తుడుపు తుడిస్తే నల్లటి గిన్నెలో తన ముఖం కనిపించడం. అక్షరదోషాలు బోలెడు. కానీ చదువుతుంటే ఆ వీధి చివర నిలబడ్డట్టే ఉంది. నాకు కడుపు మండిపోయింది. ఇంత బాగా రాయడానికి దీనికేం హక్కుంది అనుకున్నాను. ఆ మాట అట్లాగే అనుకున్నాను, ఇప్పుడు మార్చి చెప్పను.

ఎండ దిగేలోగా మొత్తం నా పుస్తకంలోకి ఎక్కించేశాను. ఫస్టు వచ్చే పిల్లను కదా, ఊరికే ఎక్కించలేదు, బాగుచేశాను. 'మా అబ్బ' ఉన్నచోట 'కళాయి పూయు మనిషి' అన్నాను. గిన్నెను పాత్ర చేశాను. ఒకచోట ఆమె, 'నవసాగరం చల్లితే తెల్లగా పొగ లేస్తుంది' అని రాసింది. నాకు అర్థం కాలేదు. నవ అంటే తొమ్మిదని తెలుసు, నవగ్రహాలు, నవధాన్యాలు. సాగరమంటే సముద్రం. సముద్రాలు ఏడని విన్నానే, మరో రెండు పై తరగతుల పుస్తకాల్లో ఉంటాయేమోలే అని సర్దుకుని, దానికి కొంచెం సొగసు చేర్చి, 'అప్పుడు తొమ్మిది సముద్రములు ఒక్కసారిగా పొంగినట్లు తెల్లని నురుగు లేచును' అని రాశాను. ఆ వాక్యం నాకు ఎంత నచ్చిందంటే కాకులకు వినిపించాను.

మర్నాటి నుంచి తెలుగు సారుకు జ్వరం. పుస్తకాలు పెద్దసారు తీసుకున్నారు. ఇది నేను అనుకోలేదు. ఆమె పుస్తకం ఇవ్వకుండా దాచేయాలన్న ఆలోచన రాకపోలేదు. కానీ మర్సిపోవాకు అంది కదా, రెండూ ఇచ్చేశాను. అన్నన్ని మాటలు మార్చాక ఇద్దరూ ఒకే పని చూసి రాశారనుకుంటారులే అని నా ధైర్యం.

ఆమె సున్నిపెంట నుంచి గోరింటాకు చేతులతో తిరిగొచ్చిన రోజే పెద్దసారు మా ఇద్దరినీ లేపి నిలబెట్టారు. చేతిలో మా రెండు పుస్తకాలు. నావైపు చూడనే లేదు. "ఈ పాప రాసిందాంట్లో భాష జూడు, ఎంత గంభీరంగా ఉండాదో. దాన్ని ముక్కలు జేసి, తప్పులతో దించినావు నువ్వు. సిగ్గు లేదా?" అని ఆమె మీద అరిచారు. ఆమె తల తిప్పి నన్ను చూసింది. కోపంగా కూడా కాదు. ఇప్పుడు చెప్తుందిలే అన్నట్టు చూసింది. నేను నా సిరా బుడ్డి మూత తిప్పుతూ నిలబడ్డాను. చేతులంతా సిరా అయింది.

మామను పిలిపించారు. మసి చేతులు వెనక్కి పెట్టుకుని వాకిట్లో నిలబడి అంతా విన్నాడు. "దొంగతనం నేర్సుకోనీకి నేను బడికి పంపలే సార్" అన్నాడు. ఇంకేమీ అడగకుండా కూతురి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. మర్నాడు ఆమె రాలేదు. ఆ తర్వాతా రాలేదు. చదువు మాన్పించేశారంట అని వెనక బెంచీలో ఎవరో అన్నారు. వేసవి దాటితే ఇద్దరం కలిసి హైస్కూలుకు పోవాల్సిన వాళ్ళం.

నాకు అన్నం సయించలేదు. జేజి నా ముఖం చూసి, "బిడ్డకు దిష్టి తగిలింది, నంద్యాల పోతాదని వీధంతా కండ్లు పెట్టిరి" అని మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. అవి ఎప్పటివో, ఘాటే రాలేదు. "సూడు, ఎంత దిష్టి ఉంటే ఇంత పొగకు తుమ్ము రాలేదో!" అని ఆమె భయపడిపోయింది. దిష్టి కాదు జేజీ అని చెప్పాలని నోటిదాకా వచ్చింది. చెప్పలేదు. పిరికిదాన్ని, అంతే.

నాలుగో రోజు తెలుగు సారు మఫ్లరు చుట్టుకుని వచ్చారు. రెండు పుస్తకాలూ చదివి, మధ్యాహ్నం అన్నం గంట కొట్టాక నన్నొక్కదాన్నే ఉండమన్నారు.

"పాపా, ఇంత బాగా రాసినావే. కళాయి ఎట్ల పూస్తారో నీకు బాగా తెల్సా?"

"తెల్సు సార్."

"నవసాగరం అంటే ఏంది?"

"తొమ్మిది సముద్రాలు సార్."

సారు నవ్వడం మొదలుపెట్టారు. నవ్వీ నవ్వీ దగ్గొచ్చి, డబ్బాలోని ముక్కుపొడి బల్లంతా ఒలికిపోయింది. "అది తెల్లగ ఉప్పు మాదిరి ఉండే మందు పాపా. గిన్నె కాల్చి దాని మీద సల్లితే మురికంతా ఇడ్సి తగరం పట్టుకుంటాది. తొమ్మిది సముద్రాలు యాడ దెచ్చినావ్?" అని కళ్ళు తుడుచుకున్నారు. అప్పటికి నవ్వు ఆగిపోయింది. "పెద్దసారు భాష జూసినాడు. నేను తప్పులు జూసినా. ఆ పిల్లవి రాయనీకి రాని తప్పులు. నీది తెలియక చేసిన తప్పు. తెలియని మాట కాడనే దించినోళ్ళు దొరుకుతారు. మక్కీకి మక్కీ దించింటే నాకు గూడా తెలిసేది గాదు."

మక్కీ అంటే ఉర్దూలో ఈగ అని, కాగితం మీద చచ్చి అంటుకున్న ఈగను కూడా వదలకుండా దించేయడమని చాలాకాలం తర్వాత తెలిసింది. నాకు ఈగను కూడా సరిగ్గా దించడం చేతకాలేదు.

నేను ఏడ్చాను. సారు ఏడవనిచ్చారు. తర్వాత, "పెద్దసారుకు నేను చెప్తా. వాళ్ళ నాయనకు మాత్రం నువ్వే చెప్పల్ల" అన్నారు.

ఆ సాయంత్రం వెళ్ళాను. మామ వీధిలో బొగ్గుల గుంత ముందు కూర్చుని ఉన్నాడు. ఏమీ తెలియని మనిషి కనుక, "రా పాపా, కూసో" అన్నాడు. ఆమె తిత్తి ఊదుతోంది. నన్ను చూసి ముఖం తిప్పుకుని ఇంకా గట్టిగా ఊదింది. గిన్నె కాలింది. మామ తెల్లటి పొడి చిటికెడు చల్లాడు. బుస్సుమని పొగ లేచి, ముక్కులో దూరి కళ్ళలోంచి బయటికొచ్చింది. నురుగు లేదు, సముద్రమూ లేదు. పుస్తకం నిండా రాసుకున్న పనిని నేను అంత దగ్గరగా చూడడం అదే మొదటిసారి. చెప్పకుండానే ఇంటికొచ్చేశాను. రెండో రోజూ వెళ్ళాను, చెప్పలేదు. మూడో రోజు మామే, "బడిలో ఏం జరుగుతాంది పాపా?" అన్నాడు, పెద్ద బిందె ఒకటి నిప్పుల మీద తిప్పుతూ.

"మామా, మీ బిడ్డ నాది దించలే. నేనే ఆమెది దించినా" అనేశాను.

తిత్తి ఆగిపోయింది. మామ చేతిలో దూది అట్లాగే ఉంది. తగరం తుడవాల్సిన క్షణం దాటిపోయి, బిందె లోపల ముద్దగా గట్టిపడింది. ఆయన చేతిలో పని చెడడం నేను చూడలేదు, ఎవరూ చూసి ఉండరు. కూతురి వైపు తిరిగి, "నిజమేనా?" అన్నాడు.

"ఊఁ."

"మరి ఆ పొద్దు నోరెత్తలేదేం?"

"చెప్తే నమ్ముతుంటివా అబ్బా? నువ్వన్నా అడిగినావా నన్ను?"

ఆ మాట అన్నది ఆయనను. తల వంచుకున్నది ఆయనా, నేనూ. మామ బిందెను పక్కకు దింపి, చేతులు కడుక్కుని, "తప్పు నాది గూడా" అన్నాడు. తర్వాత, "ఏం రాసినావో సదువు" అన్నాడు. ఆయనకు తెలుగు చదవడం రాదు. సారు నా చేతికిచ్చి పంపిన ఆమె పుస్తకం మూడు రోజులుగా నా దగ్గరే ఉంది, ఇచ్చాను. ఆమె గుంత పక్కన నిలబడి చదివింది. ఆయన గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, వేరే ఎవరి పని గురించో వింటున్నట్టు విన్నాడు. అయిపోయాక, "నా చేతులు కాలేది రాయలేదే?" అన్నాడు.

"అది రాస్తే అందరూ అయ్యో అంటారు. నాకు ఇష్టం లేదు."

మామ నవ్వాడు. మర్నాడు పొద్దున ఆయనే ఆమెను వెంటబెట్టుకుని బడికి వచ్చాడు. పెద్దసారు బయటికొచ్చి ఆయనతో ఏదో మెల్లగా మాట్లాడారు. ఆమె నా పక్కనే కూర్చుంది కానీ మధ్యలో సంచి పెట్టింది. నాతో మాట్లాడలేదు. ఆ రోజే కాదు, చాలా రోజులు.

నంద్యాల ప్రయాణం రోజు సారు నన్నూ రమ్మన్నారు. "నువ్వు గూడా వినల్ల" అన్నారు. మామ ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద హాలు, ఎన్నో బడుల పిల్లలు, స్టేజీ మీద శాలువాల పెద్దలు. ఆమె తడబడకుండా చదివింది. చప్పట్లు కూడా పడ్డాయి. అప్పుడు స్టేజీ మీద నుంచి ఒక పెద్దమనిషి మంచిగానే నవ్వుతూ, "చాలా బాగుంది పాపా. ఎవరు రాసిచ్చారు, మీ సారా?" అన్నారు. హాలంతా నవ్వింది.

ఆమె నోరు మూసుకుపోయింది. ఆ రోజు బడిలో మూసుకుపోయినట్టే. ఈసారి నావైపు చూడను కూడా చూడలేదు. నా పక్కన మామ సగం లేచి, అంతమందిని చూసి ఆగిపోయాడు. నేను బెంచీ ఎప్పుడు ఎక్కానో నాకే తెలియదు.

"ఆమే రాసింది సార్! ఎవురూ రాసియ్యలే! నేను దాన్ని దించి దొరికిపోయినా, నాకు తెల్సు!"

హాలు మళ్ళీ నవ్వింది, నన్ను చూసి. నవ్వనీ అనుకున్నాను. ఆ పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. ఆమె వైపు తిరిగి, "తప్పు మాట అన్నాను పాపా, ఏమీ అనుకోవద్దు" అన్నారు. ఆమెకు రెండో బహుమతి వచ్చింది. మొదటిది సేద్యం గురించి రాసిన వేరే బడి అబ్బాయికి పోయింది. అతను చదువుతున్నంతసేపూ మా సారు పెదవులు అతనికంటే ఒక మాట ముందు కదులుతూ ఉన్నాయి, గైడు ఆయనకు నోటికొచ్చు మరి.

ఇప్పుడు ఆళ్ళగడ్డలో ఆ వీధికి వెళితే బొగ్గు వాసన లేదు. ఇత్తడి గిన్నెలు పూజగదికి పోయాయి, తిత్తి ఏ పాత సామాన్లలో కలిసిందో. ఆమె హైస్కూలూ చదివింది, టీచరు ట్రైనింగూ చేసింది, ఎంతోమంది పిల్లల చేత వాళ్ళు చూసిన పనులు రాయించింది. నేను దిద్దిన కాగితాలకు లెక్కే లేదు. వాటన్నిటికంటే నాకు ఎక్కువ గుర్తున్నది ఆ రోజు తిరుగు బస్సే. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, నేను ఇవతల. మధ్యలో సంచి లేదు. బస్సు శిరివెళ్ళ దాటింది.

అప్పుడు ఆమె నావైపు తిరగకుండానే అంది.

"అంత గట్టిగా అరవల్లనా ఏందే? నా చెవులు పోయినాయ్."